వేటవిల్లునకు నమ్మదగిన ఆనిక

విల్లును గూర్చి ముచ్చటించువారు సాధారణముగా దాని బలమును, బాణపు మొన వాడిమిని, విలుకాని కంటిచూపును మెచ్చుకొందురు. ఎవరి మెప్పునకును నోచుకొనని చిన్న వస్తువు మఱొకటి వింటియందు కలదు. నారిని లాగుచున్నంతసేపును బాణము ముందుభాగము దేనిమీదనో ఒకదానిమీద ఆనియుండవలెను గదా! వింటిపిడి చెంత బాణమును మోయు ఆ చోటికి మనము ఆనిక యని పేరు పెట్టుకొందము. ఇంగ్లీషు విలుకాండ్రు దీనిని ఆరో రెస్టు అందురు. విల్లెంత మంచిదైనను, ఆనిక చెడ్డదైనచో ఒక బాణము గుఱిని తాకును, దాని వెనుక వేసిన బాణము జానెడు దూరమున పడును. విలుకాడు తన చేతిని నిందించుకొనును. తప్పు చేతిది కాదు.

పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతముల పిల్లలకు విల్లు క్రొత్త వస్తువు కాదు. వెదురుబద్దను వంచి, పురికొసను నారిగా కట్టి, కొబ్బరి యీనెలను అమ్ములుగా వేయుట మన యూళ్ల బాలురకు పాత యాట. ఆ యీనె బొటనవ్రేలిమీదనుండి జాఱి ప్రక్కకు పోవుట ఎఱుగనివారు లేరు. ఇప్పుడు విలువిద్యాపోటీలకు పోగోరు విద్యార్థులును, వారికి విల్లు కొనిపెట్టదలచు తల్లిదండ్రులును, వేటవిల్లు అను పేరుతో అమ్మకమునకు వచ్చు కాంపౌండు విండ్లను చూచి ఏది మంచిదో తెలియక చిక్కుపడుచున్నారు. వింటితోడ వచ్చు ఆనికలు పలువిధములు. వానిలో నమ్మదగినదానిని ఎట్లేర్పఱచుకొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. అట్టి వింటితో మన దేశమున ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో కూడ తుదకు చెప్పుదును.

చేయియే తొలి ఆనిక

మన తీరమునకు వాయవ్యమున మహేంద్రగిరి పంక్తి కనబడును. శిఖరము ఒడిశాలోని గజపతి జిల్లాలో సుమారు 1,500 మీటర్ల యెత్తున నున్నది. ఆ పంక్తి వాలులందును, మన జిల్లాలోని మందస, మెళియాపుట్టి మండలములందును, 2022లో జిల్లాల విభజనచే పార్వతీపురం మన్యము జిల్లాలో చేరిన సీతంపేట ప్రాంతమందును సవరలు నివసించుచున్నారు. వారు కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, నీటిని పొలమునుండి పొలమునకు దింపి వరి పండించు నేర్పరులైన సేద్యగాండ్రు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు వారి భాషను నేర్చుకొని, వారి పిల్లలకు బడులు నడపి, 1931లో సవర భాషావ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండజాతులను కేవలము వేటగాండ్రుగా తలచుట తప్పని ఆ పనివలననే తెలియును. అయినను విల్లు వారి జీవనమున చిరకాలమునుండి యున్నదను మాట నిజమే.

తూర్పుకనుమల కొండజాతుల విల్లు వెదురుతో చేయబడును. నారికూడ తఱచుగా సన్నగా చీల్చిన వెదురుబద్దయే. ఈ వింటికి ఆనిక యను వేఱు భాగమేదియు లేదు. పిడిని పట్టుకొన్న పిడికిటి పైభాగముననే బాణము ఆనును. ఇంగ్లాండు దేశపు పెద్దవిల్లునందును ఇదే పద్ధతి. జపానువారు బాణమును వింటికి కుడిప్రక్కను పెట్టి, ఎడమచేతి బొటనవ్రేలిమీద ఆనింతురు. ప్రక్క మాఱినను మోయునది చేయియే.

చేతి ఆనికకు గొప్ప గుణములు కలవు. అది విఱుగదు, తుప్పుపట్టదు, ఇంట మఱచి వచ్చుటకు వీలులేదు. లోపములును కలవు. పిడికిలి ప్రతిసారియు ఒకే యెత్తున నుండదు. పిడిని అంగుళములో నాల్గవవంతు క్రిందికి పట్టినను బాణము పోవు ఎత్తు మాఱును. ఈకయొక్క గట్టి కాడ వ్రేలిచర్మమును గీచును. బలమైన వింటితో అటువంటి గీత గాయమే యగును. పసితనమునుండి అలవాటుపడిన చేయి ఈ లోపములను తనంతట దిద్దుకొనును. ఆ అలవాటును అంగడిలో కొనుటకు వీలులేదు. అలవాటు లేనివారికొఱకే చేతికి బదులుగా వింటికి తగిలించు ఆనికలు పుట్టినవి.

బాణము బయలుదేరునప్పుడు జరుగునది

ఆనికను ఏర్పఱచుకొనుటకు ముందు బాణముయొక్క నడకను తెలిసికొనవలెను. నారిని విడిచినపుడు దాని తోపు బాణముయొక్క వెనుకకొనమీద పడును. ముందున్న మొన బరువైనది, వెంటనే కదలదు. వెనుకనుండి త్రోపు, ముందునుండి మొరాయింపు, ఈ రెంటి నడుమ చిక్కిన బాణపుకఱ్ఱ వంగును. వంగి మరల నిలిచి, రెండవ వైపునకు వంగును. నీటిలో చేప ఈదుచు పోయినట్లే బాణము గాలిలో కొంతదూరము అల్లలాడుచు పోవును. వ్రేళ్లతో నారిని విడుచునపుడు నారి వ్రేలికొనలను దాటుచు కొంచెము ప్రక్కకు జరుగును. కనుక వంపు ముఖ్యముగా కుడియెడమలకు కలుగును. మీటగల విడుపు పనిముట్టుతో విడుచునపుడు వంపు ముఖ్యముగా పైకిని క్రిందికిని కలుగును.

వింటి నడుమ కఱ్ఱ అడ్డముగా నుండగా బాణము దానిని తాకక నేరుగా గుఱికి ఎట్లు పోవుచున్నదని పూర్వులు ఆశ్చర్యపడిరి. 1930 దశకమున అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్మన్ మిక్కిలి వేగముగా తీసిన చలనచిత్రములయందు బాణము వింటిపిడిని చుట్టి వంగుచు పోవుట కన్నులకు కట్టినట్లు కనబడినది. నేటి బలమైన కాంపౌండు వింటియందు నారి బాణమును త్రోయు కాలము ఇంచుమించు సెకండులో నూఱవవంతు మాత్రమే. ఆ రెప్పపాటులో పింజలు ఆనికను దాటిపోవలెను. పింజ ఆనికను బలముగా తాకినచో బాణపు తోక ఎగిరి, గమనము చెడును.

దీనినిబట్టి ఆనికకు రెండు పనులున్నవని తేలుచున్నది. విడుచువఱకు బాణమును జాఱనీయక మోయుట మొదటిది. విడిచిన వెంటనే పింజలకు అడ్డురాకుండుట రెండవది. మోయుటలో మాత్రము మంచిదై అడ్డువచ్చునది పనికిరాదు. తొలగుటలో మాత్రము మంచిదై బాణమును పడవేయునదియు పనికిరాదు. ఈ రెండు పనులును ప్రతిసారియు ఒకే విధముగా చేయు ఆనికనే నమ్మదగినది యనవలెను. చెట్టెక్కువాడు తన మోకు అందముగా నున్నదా యని చూడడు. నిన్న పట్టినట్లే నేడును పట్టుచున్నదా యని చూచును. విలుకాని పరీక్షయు అట్టిదే.

ఆనికలలోని భేదములు

మొదటిది మెట్టు ఆనిక. పిడికి పైన, వింటికఱ్ఱలోనే చిన్న మెట్టును చెక్కి, దానిమీద తోలునో దళసరి ఉన్నిగుడ్డనో అంటింతురు. కఱ్ఱవిండ్లకును, సాదా రికర్వు విండ్లకును ఇది తగినది. రికర్వు అనగా కొనలు ముందువైపునకు తిరిగిన విల్లు. మెట్టు బల్లపరుపుగా నుండక కొంచెము ఉబ్బెత్తుగా నున్నచో బాణము తక్కువచోట ఆనును, ఒరపిడి తగ్గును. ఈ ఆనికకు పక్షియీకల పింజలే కావలెను. ఈకలు మెట్టును తాకినపుడు ఒదిగి మరల నిక్కును. ప్లాస్టికు పింజలు ఒదుగవు. తాకి బాణమును ప్రక్కకు త్రోయును. పోగొట్టుకొనుటకుగాని విఱుగుటకుగాని ఇందు భాగములు లేకుండుట దీని గుణము. గుడ్డ తడియుటయు అరుగుటయు దీని లోపము.

రెండవది తీగె ఆనిక. ఒక సన్నని తీగె బాణమును మోయును. బాణము తాకినపుడు అది లోపలికి మడిగి మరల యథాస్థానమునకు వచ్చును. ప్రక్కను వింటిపిడి రంధ్రములో స్ప్రింగుగల బొత్తాము ఒకటి యుండి, బాణముయొక్క ప్రక్కవంపును మెత్తగా అడ్డగించును. రికర్వు వింటితో గుఱిపలకను కొట్టు విలుకాండ్రు వాడునది ఇదియే. 2024లో పారిస్ ఒలింపిక్సున అంకితా భకత్ తోగూడ మిశ్రమజట్టు పోటీలో నాలుగవ స్థానము పొందిన విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ పోటీచేయునది ఈ తరగతి వింటితోనే. సమతలమున నిలిచి నెమ్మదిగా గుఱిచూచువానికి ఇది చాల మంచిది. వంగుచు, నడచుచు, పొదలలో దూఱువానికి తగదు. విల్లు ఒరిగినచో బాణము జాఱును. జిగురుతో అంటించు రకమైనచో ఎండవేడిమికి ఊడిపోవుట కలదు.

మూడవది రేకు ఆనిక. సన్నని ఉక్కురేకు కొనలో చిన్న గాడి తీసి, ఆ గాడిలో బాణమును నిలుపుదురు. బాణము క్రిందికి వంగునపుడు రేకు స్ప్రింగువలె ఒదుగును. ఇది కాంపౌండు వింటికి చెందినది. కాంపౌండు విల్లనగా కొనలయందు చక్రములును వానిని కలుపు తీగలును గల విల్లు. దీనిని కనిపెట్టిన హోలెస్ విల్బర్ అలెన్ అను అమెరికావాసికి 1969లో పేటెంటు లభించెను. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాదేశపు హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములను గెలిచినది కాంపౌండు విభాగముననే. పలకగుఱికి రేకు ఆనిక సునిశితమైనది. వేటవింటికి మాత్రము తగదు; కొంచెము కదలినను బాణము రేకునుండి దొరలిపడును.

నాల్గవది కుంచె ఆనిక. ఒక వలయములో చుట్టును గట్టి వెండ్రుకలవంటి కుంచెలు లోపలివైపునకు నిలిచియుండును. నడిమి చిన్న సందులో బాణమును పెట్టినచో అన్నివైపులను పట్టుకొనబడును. వింటిని ప్రక్కకు ఒరగించినను, తలక్రిందులు చేసినను బాణము పడదు. కదలు భాగము ఒక్కటియు లేదు. బాణపువేట చట్టముచే అనుమతింపబడిన అమెరికా, కెనడా దేశములలో వేటగాండ్రు దీనిని మిక్కిలి వాడుట ఇందువలననే. కాని పింజలు ప్రతి బాణమునకును కుంచెలను రాచుకొనుచు పోవలెను. దానివలన వేగము కొలదిగా తగ్గును, పింజలు ముడతపడును, కుంచెలు కాలక్రమమున అరిగి సందు పెద్దదగును. మెత్తని ఈకల పింజలు దీనియందు త్వరలో పాడగును. చిన్నవై గట్టివైన ప్లాస్టికు పింజలే దీనికి తగినవి.

అయిదవది వాలు ఆనిక. ఇంగ్లీషులో డ్రాప్ అవే అని పేరు. నారిని లాగుచుండగా ఒక సన్నని త్రాడు ఆనికను పైకి లేపి బాణమును మోయించును. నారిని విడువగానే ఆనిక క్రిందికి వాలిపోవును; పింజలు దేనిని తాకక దాటిపోవును. త్రాడును కొందఱు వింటి తీగకును, కొందఱు వింటిబద్దకును కట్టుదురు. బాణము చుట్టును చిన్న పంజరము గలవి విలుకాడు నడచునపుడుకూడ బాణమును పోనీయవు. రెండవ పనిలో, అనగా అడ్డుతొలగుటలో, దీనిని మించినది లేదు. అయితే వాలు కాలము సరిగా కుదరవలెను. ముందుగా వాలినచో బాణమునకు ఆధారము చాలదు. ఆలస్యముగా వాలినచో పింజ తాకును. త్రాడు ముడి కొంచెము జాఱినను ఈ కాలము మాఱును.

ఏది ఎవరికి?

అంగడివాడు సాధారణముగా ఖరీదైనదానినే మంచిదని చూపును. కొనువాడు ముందుగా తన్ను తాను కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. నా విల్లు కఱ్ఱవిల్లా, రికర్వా, కాంపౌండా? నేను నారిని వ్రేళ్లతో విడుచుదునా, పనిముట్టుతోనా? నా బాణములకు ఈకలున్నవా, ప్లాస్టికు పింజలున్నవా? సమతలమున నిలిచి వేయుదునా, ఎగుడుదిగుడు నేలను నడచుచు వేయుదునా? ఆనిక చెడినచో సరిచేయగల గురువు నాకు దగ్గఱలో నున్నాడా?

ఈ ప్రశ్నలకు వచ్చు జవాబులే దారి చూపును. కఱ్ఱవింటితో ఈకల బాణములను వేయువానికి మెట్టు ఆనిక చాలును. రికర్వుతో పోటీకి సిద్ధపడు విద్యార్థి తీగె ఆనికను, బొత్తామును నేర్చుకొనవలెను. కాంపౌండు వేటవిల్లు చేతనున్నవాడు, గురువు దూరముగా నున్నచో, కుంచె ఆనికను ఎన్నుకొనుట మేలు. దాని లోపములు కంటికి కనబడునవి, మెల్లగా వచ్చునవి. వాలు కాలమును కుదిర్చి, అప్పుడప్పుడు పరీక్షించు నేర్పరి దగ్గఱనున్నచో వాలు ఆనిక అంతకన్న మేలు. కదలు భాగములు ఎన్ని యున్నవో అన్ని చోట్ల పరీక్ష అవసరమను మాట మఱువరాదు.

చేయవలసిన పరీక్షలు

కొన్న పిమ్మట నమ్మకమును మాటలవలన గాక పరీక్షవలన సంపాదింపవలెను. వీనికి పెద్ద ఖర్చు లేదు. పరీక్షలన్నిటిని గురువుగాని తెలిసిన పెద్దవాడుగాని దగ్గఱనుండగా, బాణములను ఆపగల గడ్డిదిమ్మె ఎదుట నిలిచియే చేయవలెను.

మొదట, మొద్దుమొనగల అభ్యాసబాణమును తగిలించి, నారిని లాగి, విడువక మెల్లగా వెనుకకు తీసికొనిపోవలెను. ఇట్లు పదిమాఱులు చేయునపుడు బాణము ఒక్కమాఱైనను ఆనికనుండి జాఱినచో అది నమ్మదగినది కాదు. బాణము లేకుండ లాగిన నారిని ఎన్నడును విడువరాదు. బాణమునకు పోవలసిన బలమంతయు వింటిలోనే నిలిచి, బద్దలు చీలిపోవచ్చును, తీగలు తెగి ముఖమున కొట్టవచ్చును.

రెండవది పొడి పరీక్ష. పింజలకును బాణపు వెనుకభాగమునకును ముఖమునకు పూసికొను పౌడరును చల్లి ఒక బాణము వేయవలెను. తరువాత ఆనికను, వింటిపిడిని చూడవలెను. పౌడరు గీత ఎక్కడ చెరిగినదో, ఎక్కడ అంటుకొన్నదో అక్కడ పింజ తాకినదని గ్రహింపవచ్చును. కుంచె ఆనికకు ఈ పరీక్ష చెల్లదు. అందు తాకుట సహజము.

మూడవది కాగితపు పరీక్ష. ఒక చట్రమునకు పలుచని కాగితమును బిగించి, రెండు గజముల దూరమునుండి దానిగుండ బాణమును వేయవలెను. కాగితము వెనుక గడ్డిదిమ్మె తప్పక యుండవలెను. మొన చేసిన రంధ్రమును, పింజలు చేసిన చీలికలును ఒకేచోట నున్నచో బాణము తిన్నగా పోవుచున్నదని తెలియును. పింజల చీలిక మొనరంధ్రమునకు పైన నున్నచో తోక యెత్తుగా పోవుచున్నది. అప్పుడు ఆనికను కొంచెము పైకి జరుపవలెను, లేదా నారిపై బాణము తగులు చోటును కొంచెము క్రిందికి దింపవలెను. చీలిక క్రింద నున్నచో దీనికి విరుద్ధముగా చేయవలెను. ఒక్కమాఱు ఒక్క మార్పు మాత్రమే చేసి, మరల మూడు బాణములు వేసి చూడవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు ఏది మేలుచేసినదో ఎఱుగడు.

నాల్గవది పెన్సిలు గుర్తు. ఆనిక వింటిని కలియుచోట సన్నని గీతను గీచి, ఏబది బాణములు వేసిన తరువాత గీత కలిసియున్నదో లేదో చూడవలెను. తొలగినచో మరలు వదులుగా నున్నవని అర్థము. ఇది అన్నిటికంటె సులభమైన పరీక్ష. తఱచుగా మఱువబడునదియు ఇదియే.

ఇక నొక ప్రాణరక్షణపు మాట. నారిని నిండుగా లాగినప్పుడు బాణపు మొన ఆనికను దాటి కనీసము ఒక అంగుళము ముందుకు నిలువవలెను. నేర్చుకొనువారికి రెండంగుళములు మేలు. అన్నబాణమును తమ్ముడును, తమ్ముని బాణమును అన్నయు వాడుకొను ఇండ్లలో ఈ విషయము ముఖ్యము. బాణము పొట్టిదైనచో మొన ఆనిక వెనుకకు పడి, విడుచునపుడు వింటిని పట్టిన చేతిలోనే నాటుకొనును. పిల్లవాని చేయి పొడవు పెరుగుచుండును గనుక ఆఱునెలలకొకసారి బాణముల పొడవును సరిచూడవలెను.

తీరప్రాంతమున జాగ్రత్త

సముద్రపుగాలి తగులు ఉద్దానపు ఊళ్లలో ఇనుపవస్తువు త్వరగా తుప్పుపట్టునని ఇంటింటను తెలిసినదే. ఆనికలోని స్ప్రింగు, మర, ఇరుసు చిన్నవి. వానికి పట్టిన తుప్పు కంటికి వెంటనే కనబడదు. వాలు ఆనిక ఇరుసునకు తుప్పుగాని ఇసుకగాని పట్టినచో వాలవలసినంత వేగముగా వాలదు. కనుక అల్యూమినియముతోను తుప్పుపట్టని ఉక్కుతోను చేసినవానినే కొనవలెను. వాడిన ప్రతిదినమును పొడిగుడ్డతో తుడిచి, ఇరుసునకు ఒక్క బొట్టు పలుచని నూనె మాత్రమే వేయవలెను. నూనె ఎక్కువైనచో ఇసుక అంటుకొనును. వానకాలమున మెట్టు ఆనిక గుడ్డ తడిసినచో ఆరినదాక విల్లు వేయరాదు. త్రాడు అరిగినదని అనుమానము వచ్చిననాడే మార్చవలెను.

చట్టమును, కనికరమును

వేటవిల్లు అను పేరు విని, మన కొండలలోను తోటలలోను దానితో వేటాడవచ్చునని ఎవరును తలపరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము, తన రక్షణలో నున్న అడవిజంతువులను పక్షులను వేటాడుటను నిషేధించుచున్నది. ఆ చట్టములో ఆయుధములను లెక్కించుచోట తుపాకితోపాటు విల్లు, బాణములు పేరుపేరున చేర్చబడినవి. చంపుట మాత్రమే గాక గాయపఱచుటయు, పట్టుటయు, చంపుటకు యత్నించుటయు, పక్షుల గ్రుడ్లను తీయుటయు వేటయే యని చట్టము చెప్పుచున్నది. 2006లో అడవిహక్కుల చట్టము గిరిజనులకు భూమిపైని అటవీఫలములపైని హక్కులను గుర్తించినప్పుడుకూడ వేటహక్కును విడిచిపెట్టినది. జీడితోటలలోనికి ఎలుగుబంటి వచ్చినచో విల్లు పట్టుకొని పోవుట తెలివితక్కువ. గాయపడిన ఎలుగు మఱింత అపాయకరము. దూరముగా తొలగి అటవీశాఖవారికి తెలుపుటయే తగిన పని.

టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట పెలికన్ పక్షులు, రంగుకొంగలు వచ్చి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుకొనును. ఆ యూరివారు వానిని తమ ఇంటి అతిథులవలె కాపాడుచున్నారు. వేట అనుమతింపబడిన దేశములలోకూడ మంచి వేటగాడు నమ్మరాని ఆనికతో అడవిలో అడుగుపెట్టడు. ఏలయనగా, తప్పిన బాణము జంతువును వెంటనే చంపదు; అది గాయముతో పొదలలో దూఱి, దినములకొలది బాధపడి చచ్చును. గుఱిపలకకు తగిలిన తప్పుబాణము ఒక గుణకు మాత్రమే నష్టము. ప్రాణికి తగిలిన తప్పుబాణము అట్టిది కాదు. మన పిల్లలకు గుఱిపలక ఉన్నది, పోటీలున్నవి. 2028లో లాస్ ఏంజిలెస్ నగరమున జరుగనున్న ఒలింపిక్సులో కాంపౌండు మిశ్రమజట్టు పోటీకి చోటు కల్పింపబడినది. వేటవిల్లునకు నేడు మన దేశమున తగిన స్థలము ఆ పలక యెదుటనే.

ముగింపు

పరిశుద్ధగ్రంథమున యోనాతాను పొలములో విడిచిన బాణములు దావీదునకు అపాయమును తెలుపు గుర్తులైనవి. ఆ బాణములు ఎక్కడ పడవలెనో అక్కడ పడినందున ఒక స్నేహితుని ప్రాణము దక్కినది. హోషేయ ప్రవక్త, దేవునినుండి తొలగిపోయిన జనమును మోసపు వింటితో పోల్చెను. అట్టి విల్లు చూచుటకు మంచి వింటివలెనే యుండును. విడిచినపుడే దాని లోపము బయలుపడును. విద్యార్థులు విల్లు కొనునపుడు దాని రంగును, ఖరీదును, అంగడివాని పొగడ్తను ప్రక్కకుంచి, ఆనికను పది మాఱులు పరీక్షింపవలెను. పదియు ఒకే తీరుగా నున్నవా? నమ్మవచ్చును. తొమ్మిది మాఱులు మంచిదై పదవమాఱు తప్పినదా? విప్పి సరిచేయవలెను, లేదా మార్చవలెను. తల్లిదండ్రులును ఆ పరీక్షను దగ్గఱ నిలిచి చూచుట మంచిది.